సుంకులవ్వ ముద్ద

ఊళ్లకు ఇంకా పేర్లు పెట్టని కాలం. కొండ కింద ఒక ఊరుండేదంట. ఆ ఊళ్లో కలుపు తీసే సుంకులవ్వ అని ఒక ముసలమ్మ ఉండేదంట. ఆమెకు పొలం లేదు, గొడ్డు లేదు. ఈరి అనే మనవరాలు తప్ప ఇంకెవరూ లేరు.

ఆ ఊరు ఒకప్పుడు పెద్ద కరువు చూసింది. గింజ దొరక్క జనం ఆకులు తిన్నారు, అలములు తిన్నారు, కంచె మీది తీగలు తిన్నారు. ఆ తర్వాత వాన పడింది. వరి పండింది. మొదటి కుండ అన్నం ముందు కూర్చుని ఊరంతా ఒట్టు పెట్టుకుంది.

"ఆకు కరువు తిండి. ఇక మన గడపలోకి ఆకు రాకూడదు. ఆకు వస్తే దాని వెనకే కరువు వస్తుంది."

అప్పటినుంచి తెల్లటి అన్నం, చింతపండు చారు. పొద్దున అదే, రాత్రి అదే. అందరి కడుపులూ నిండాయి.

కడుపు అన్నం అడిగింది, పెట్టారు. కన్ను ఏమడిగిందో ఎవరూ అడగలేదు.

కొన్నేళ్లకు, పొద్దు వాలితే చాలు, పిల్లలు గోడలు తడుముకోవడం మొదలుపెట్టారు. ఈరి ఒక సాయంత్రం గడప తట్టుకుని పడింది. ఇంకో సాయంత్రం పక్కింటి కుడితి తొట్టిలో పడింది. మూడోసారి బావి గట్టెక్కి ఒక కాలు గాల్లో పెట్టింది. సుంకులవ్వ జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

"కళ్లు ఎక్కడ పెట్టుకుని నడుస్తున్నావే!"

"ఇక్కడే ఉన్నాయవ్వా. నువ్వే కనబడటం లేదు."

ఆ మాటకు అవ్వ ఈరిని దగ్గరికి లాక్కుంది. బావి దగ్గరే కూలబడింది. అప్పుడే కొండ మీంచి మేకలు దిగుతున్నాయి. ఆ మసకలో ఒక బుడ్డ మేకపిల్ల రాయి దాటింది, గుంత దాటింది, బావిని చుట్టుకుని ఇంటికి పోయింది. దాని మూతికి పచ్చటి ఆకు ఇంకా అంటుకునే ఉంది.

"అది తినేదేంటి? నా బిడ్డ తిననిదేంటి?" అనుకుంది అవ్వ. కరువులో ఆకులు తిన్నప్పుడు చుక్కల వెలుగులో అడవికి పోయి వచ్చిన సంగతి గుర్తొచ్చింది.

మర్నాడు కలుపు తీస్తూ పొన్నగంటి కూరను గట్టున పారెయ్యలేదు. ఒడిలో వేసుకుంది. చుక్క నూనె వేసి వండి, అన్నంలో కలిపి ఈరికి ముద్ద పెట్టింది.

వాసన పట్టుకుని ఊరి పెద్ద బసవన్న వాకిట్లోకి వచ్చేశాడు.

"ఏమమ్మా సుంకులూ, కరువును కేకేసి పిలుస్తున్నావా?"

"పిల్లకు చూపు పోతోందన్నా."

"కడుపు నిండా అన్నముందిగా! ఇంకేం తక్కువైంది?"

"కడుపు ఒక్కటే తింటుందా అన్నా? ఎముక తింటుంది, నెత్తురు తింటుంది, కన్ను తింటుంది. వాటికి నోరు లేదు, అడగలేవు. మనమే తెలుసుకుని పెట్టాలి."

జనం ఒప్పుకోలేదు. "రేపు కరువొస్తే ఎవరిది పాపం?" అని మీద పడ్డారు.

"వస్తే పొలిమేర దాటే కదా రావాలి. నేను అక్కడే కూర్చుంటా. ముందు నన్ను తిని ఆ తర్వాత మీ దాకా రానీ" అంది అవ్వ.

ఒక కుండ, ఒక చాప, ఒక మనవరాలు. ఆ మూడే పట్టుకుని పొలిమేరకు పోయింది. అక్కడ ఒకనాడు పొన్నగంటి, ఒకనాడు తోటకూర, ఒకనాడు మునగాకు. మళ్లీ పొన్నగంటి. అట్లా ఎన్నో రోజులు గడిచాయి.

ఒక సాయంత్రం పొలం నుంచి వస్తూ బసవన్నకు ఆలస్యమైంది. మసక కమ్మేసింది. తన చూపు కూడా పిల్లల చూపులాగే అయిందని ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. గట్టు మీద కదలకుండా నిలబడిపోయాడు. ఎక్కడినుంచో ఒక చిన్న చెయ్యి వచ్చి ఆయన వేలు పట్టుకుంది.

"ఎవరది?"

"ఈరిని తాతా. అటు గుంత ఉంది, ఇటు రా."

"నీకు కనబడుతోందా?"

"ఓ! నీ తలపాగా ఊడి భుజం మీద పడింది, అదీ కనబడుతోంది. కొండ మీద చుక్క పొడిచింది, చూడు తాతా!"

బసవన్న తలెత్తాడు. ఆయనకు అంతా నలుపే. ఆ పిల్ల మాత్రం చుక్కను చూసుకుంటూ నడుస్తోంది. ఆయన ఆ చిన్న చెయ్యిని గట్టిగా పట్టుకున్నాడు.

"మీ అవ్వ దగ్గరికి తీసుకుపో తల్లీ" అన్నాడు. పొయ్యి ముందు కూర్చుని దోసిలి పట్టాడు.

"నాకూ ఒక ముద్ద పెట్టు సుంకులూ."

"మరి ఒట్టు?"

"నువ్విక్కడ కూర్చున్నావుగా. కరువు ఎట్లా వస్తుందో చూద్దాం."

కన్ను అడిగింది. అవ్వ పెట్టింది.

ఆ రాత్రే బసవన్న ఈరి వేలు పట్టుకుని ఊళ్లోకి పోయి జరిగింది అందరికీ చెప్పాడు. తెల్లారేసరికి ఊరంతా పిల్లల్ని చంకన వేసుకుని పొలిమేరకు కదిలింది. కొన్నాళ్లకు ఒక్కో ఇంట్లో ఒక్కో బిడ్డ, మునిమాపున, "అమ్మా, నువ్వు కనబడుతున్నావే!" అంటుంటే, తల్లులు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారంట.

ఊళ్లోకి రమ్మంటే మాత్రం అవ్వ రాలేదు. "మాటిచ్చాను. కరువొస్తే ఎదురు నిలబడటానికి ఎవరో ఒకరు ఉండాలిగా" అని నవ్వింది. పొలిమేరలోనే కన్నుమూసింది. అక్కడే మట్టి చేశారు. తొలకరి పడ్డాక పోయి చూస్తే ఆ మట్టి నిండా పొన్నగంటి, తోటకూర. తల వైపున మునగ మొక్క. ఎవరూ విత్తలేదు, ఎవరూ నీళ్లు పొయ్యలేదు. జనం చెప్పులు విప్పి ఆ మట్టికి మొక్కారు. కరువు మళ్లీ ఆ పొలిమేర దాటలేదంట.

ఇప్పటికీ ఆ పక్క ఆడవాళ్లు కలుపులో మొదట దొరికిన కూరను గట్టున పారెయ్యరు. ఇంటికి తెచ్చి వండి, పిల్లలకు పెట్టే మొదటి ముద్దను సుంకులవ్వ ముద్ద అంటారు. పొద్దు వాలాక, దీపం పెట్టేముందు, తల్లి బిడ్డను గడపలో నిలబెట్టి అడుగుతుంది.

"ఎవరు కనబడుతున్నారు?"

బిడ్డ పొలిమేర వైపు చూస్తుంది.

"సుంకులవ్వ."

ఆ మాట విన్నాకే దీపం వెలిగిస్తారు.