తెల్లబడ్డ వంతెన ప్లాను

ఒక ఊరి ఇంజనీరింగ్ ఆఫీసులో భుజంగరావు అనే పెద్ద ఇంజనీరు ఉండేవాడు. కిందివాళ్లు ఏం చెప్పినా దానికి వ్యతిరేకంగా చెయ్యడమే తన హోదా అనుకునేవాడు. అక్కడ కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే అమ్మాయి నూకరత్నం.

వంతెన ప్లాను కలెక్టరుకి చూపించాల్సిన రోజున, తానే దిద్దుతానని ఆయన ఆమె కుర్చీలో కూర్చున్నాడు. ఏదో నొక్కాడు, గీతలన్నీ చెరిగిపోయాయి. కంగారులో సేవ్ కొట్టి ఫైలు మూసేశాడు. మళ్లీ తెరిచేసరికి స్క్రీను తెల్లగా ఉంది.

"ఇంకోసారి సేవ్ కొడితే వస్తాయేమో," అని గొణిగాడు.

నూకరత్నానికి సంగతి తెలుసు. సేవ్ చేసిన ప్రతిసారీ అంతకు ముందున్న ప్లానుని కంప్యూటర్ బ్యాకప్ ఫైల్లో దాస్తుంది; పాత ప్లాను ఇంకా అందులో ఉంది. కానీ మరోసారి సేవ్ చేస్తే అక్కడ కూడా ఈ ఖాళీయే వచ్చి కూర్చుంటుంది. వద్దంటే ఆయన తప్పకుండా నొక్కుతాడు.

"కొట్టేయండి సార్, త్వరగా!" అంది.

"నాకే చెబుతున్నావా? కొట్టను, ఏం చేస్తావ్?" అంటూ ఆయన లేచి నిలబడ్డాడు.

ఆమె గబుక్కున కూర్చుని, బ్యాకప్ ఫైలు పేరు మార్చి తెరిచింది. స్తంభాలతో సహా వంతెన మొత్తం తిరిగొచ్చింది.

"చూశావా! నీ మాట విని ఉంటే ఏమయ్యేది?" అన్నాడు భుజంగరావు.

"కొంప మునిగేది సార్," అంది నూకరత్నం, చెమట తుడుచుకుంటూ.