చెయ్యి ముందు, మాట వెనక

ప్రశ్న అడిగితే చాలు, గురువు శరభయ్య గారు చెప్పులు తొడుక్కుంటారు. కూర్చోబెట్టి వివరించడం ఆయనకు చేతకాదో, ఇష్టం లేదో, తుంగభద్ర ఒడ్డున ఆ ఆశ్రమంలో ఎవరికీ తెలియదు.

ఆ రోజు అడిగినవాడు ఓబులేసు. ముప్పై దాటిన మనిషి, వంటశాలలో పని. మూడు రోజుల క్రితం పుల్లమ్మవ్వతో కలిసి అన్నం గుండిగ పట్టుకుని గంజి వారుస్తుండగా అతని చేతిలోని మసిగుడ్డ జారింది. ఆ వంటింట్లో ఒక కట్టడి ఉంది: చెయ్యి కాలినా సరే, "దించు" అని అరిచాకే వదలాలి. ఓబులేసు వదిలేశాక అరిచాడు. మరిగే గంజి అవ్వ పాదాల మీద పడింది.

"సామీ, వదిలింది నేనేనా? నేనే అయితే ఈ పూటే వెళ్లిపోతా. ఇక్కడ ఉండే ముఖం లేదు నాకు" అన్నాడు, చంకన మూటతో.

గురువు గారు అతన్ని గురప్ప ఇంటికి తీసుకెళ్లారు. గురప్ప కల్లు గీసేవాడు. ఏడాది క్రితం ఈతచెట్టు మీంచి పడి, వీపు మధ్యలో వెన్ను విరిగింది. నడుము కింద స్పర్శ లేదు, బతుకంతా మంచం మీదే. గోడవైపు తిరిగి పడుకున్న అతని అరికాలి మీద గురువు గారు చీపురుపుల్లతో గీశారు. కాలు చటుక్కున ముడుచుకుంది.

"కదిలింది! ఇంక లేచి నడుస్తాడు!" ఓబులేసు ఆనందం పట్టలేకపోయాడు.

"ఏం కదిలింది సామీ?" అన్నాడు గురప్ప గోడను చూస్తూనే. "కాలా? అది అంతే. నాతో ఒక మాటన్నా చెప్పకుండా తంతాది. మొదట్లో నా పెండ్లాం గూడా ఇట్లే సంబరపడి కోడిని కోసింది."

తిరుగుదారిలో గురువు గారు చెప్పింది కొంచెమే. అరికాలు పంపిన కబురు వెన్నుకు చేరగానే, వెనక్కి లాక్కోమన్న ఆజ్ఞ అక్కణ్నుంచే వచ్చేస్తుంది. తలకు తెలిసేది ఆ తర్వాతే. గురప్పకు వెన్ను నుంచి తలకు పోయే పైదారి తెగింది కనుక అసలే తెలియదు.

ఓబులేసు గుండెల మీంచి బరువు దిగింది. పాపం, మూడు రోజులుగా ముద్ద సహించని మనిషి.

"అంటే నా చెయ్యి గూడా వెన్ను మాటే విన్నది. తప్పు నాది కాదు సామీ!"

"కాదులే" అన్నారు గురువు గారు. "కానీ నీ పైదారి తెగలేదు కదా, గంజి పడిన కబురు తలకు అందే ఉంటుంది. అవ్వ వంటింటి పక్క గదిలోనే పడుకుంది. మూడు రోజులుగా అటు పోకుండా నీ కాళ్లను ఆపుతున్నది ఏ వెన్ను?"