ముద్ర మద్దిది, దుంగ బూరుగుది

పై కొండల్లో వాన పట్టింది. పొద్దున మోకాళ్ల లోతున్న వాగు మధ్యాహ్నానికి పొట్ట తాకుతోంది. పాత వంతెన కిందటేడే కొట్టుకుపోయింది. ఇవతలి పల్లం మునిగేలోపు కొత్త వంతెన వేసుకుని అవతలి మెరకకు చేరాలి. రెండు పిల్లల్ని వెంటేసుకుని మేక కాలు కాలిన పిల్లిలా ఒడ్డంతా తిరుగుతోంది.

వంతెన కాంట్రాక్టు నక్కది. ఎవరిచ్చారని నన్నడక్కండి, అలాంటివి నక్కలకే వస్తాయి. కర్ర నాణ్యం చూసే ఓవర్సీరు వడ్రంగి పిట్ట. అది అడవిలో ఎనిమిది మద్ది దుంగల్ని పరీక్షించి, ఒక్కోదాని కొసన మూడు చుక్కల ముద్ర పొడిచింది. నక్క ఆ కొసల్ని బిళ్లల్లా కోసి, ఎనిమిది బెండులాంటి బూరుగు దుంగలకు మేకులతో బిగించి, పైన బురద పూసేసింది. మద్ది దుంగలు దాని కొత్తింటి కప్పుకెళ్లాయి.

దుంగలు లాగే పని ఎద్దుది. ఎనిమిదీ ఒడ్డుకు చేర్చింది గానీ, దానికి మనసు మనసులో లేదు.

"ఏం బావా, అలా నిలబడ్డావు? పేర్చెయ్యి!" అంది నక్క.

"మద్ది లాగితే మెడ వాచిపోవాలి. నాకు ఆయాసమైనా రాలేదేంటి?"

"బలం పెరిగిందిలే! అదిగో ముద్ర. ఓవర్సీరు గారు స్వయంగా వేసింది."

వడ్రంగి పిట్ట వంగి చూసింది. "ముద్ర నాదే."

"అన్నా, వాదనలు తర్వాత పెట్టుకోండి. నా పిల్లలకి ఈత రాదు!" అని మేక గొంతు చించుకుంది.

ఎద్దు మేక పిల్లల వైపు చూసింది. కాసేపట్లో ఆ పిల్లలు నడిచేది వీటి మీదే మరి.

"పచ్చి మద్ది నీళ్లలో మునుగుతుంది కదా బావా?" అంది ఎద్దు.

"మునగదా మరి! రాయిలా అడుగుకి పోతుంది," అంది నక్క ధీమాగా.

ఎద్దు కొమ్ముతో ఒక దుంగను వాగులోకి తోసింది. అది బుడుంగున మునిగి, పైకి తేలి, హాయిగా కొట్టుకుపోయింది.

వడ్రంగి పిట్ట మరో దుంగ మీద వాలి నడుమ పొడిచింది. ముక్కు మొదలంటా దిగిపోయింది. కొస మీద పొడిస్తే ముద్ర బిళ్ల ఊడి పడింది. "కొసలే చూశాను. తప్పు నాదే," అంది సిగ్గుతో. నక్క మెల్లగా వెనక్కి జరిగింది.

"కొత్తిల్లు కట్టావటగా? కప్పు చూసొద్దాం పద," అంది మేక.

కప్పు విప్పారు. ఎద్దు ఏడు దుంగలు లాగింది. ఎనిమిదోది నక్క చేతే లాగించారు, మేక వెనక నుంచి పొడుస్తూనే ఉంది. చీకటి పడకముందే వంతెన నిలిచింది, మేక పిల్లలు గంతులేస్తూ దాటేశాయి.

అప్పటికే పల్లంలోకి నీళ్లొచ్చాయి. చివరికి నక్కా దాటక తప్పలేదు. ఒక్కో దుంగనూ కాలితో తట్టి తట్టి చూసుకుంటోంది.

"భయపడకు బావా," అంది అవతలి నుంచి ఎద్దు. "నీ ఇంటి కర్రే!"

పదిమంది నడిచే వంతెనలో మోసం చేసేవాడు, ఆ పదిమందిలో తానూ ఒకడినని మరిచిపోతాడు.