ముందు నడిచిన భ్రమరాంబ

కైవల్యస్వామి ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాణ్నే ఎటో ఒకవైపు పంపేసి, తిరిగొచ్చేదాకా కూర్చునేవారు. సర్వేశాన్నీ అలాగే పంపారు.

సర్వేశం భార్యతో కలిసి హిమాలయాల్లోని ఆ ఆశ్రమంలో చేరి చాలాకాలమైంది. శరదృతువు వస్తే చాలు, ఎదుటి కొండమీది చెట్లన్నీ ఎర్రబడతాయి. పైకెక్కి ఆ చెట్ల కింద ఒక్క పూట కూర్చోవాలని భ్రమరాంబ కోరిక. జన్మకి ఆవిడ కోరిందల్లా అదే, పాపం. ఈయనగారేమో పంచాంగం వదలడు. తిథి కుదిరితే ఆకు ఇంకా పచ్చగా ఉంటుంది, ఆకు ఎర్రబడితే వర్జ్యం అడ్డొస్తుంది. "మీ ఇష్టమండీ" అని ఆవిడ ఆగేది. ఏటా ఆకులు రాలిపోయేవి. ఈ ఏడు ఆవిడకి ఆయాసం పట్టుకుంది.

ఒకనాడు పొద్దున్నే, పడుకున్న భార్యని లేపకుండా సర్వేశం స్వామి దగ్గరికెళ్లాడు.

"స్వామీ, కొండెక్కడానికి ఏ రోజు మంచిది?"

"మీ ఆవిణ్ని అడుగు," అన్నారు స్వామి.

ఇదేం జవాబని విసుక్కుంటూ బయటికొచ్చేసరికి, కొండదారిలో భ్రమరాంబ ఎక్కిపోతోంది. రాత్రి కట్టుకుని పడుకున్న పసుప్పచ్చ చీరే. ఏనాడూ మొగుడికంటే ముందు అడుగెయ్యని మనిషి!

"ఏమే, ఆగు! ఇంకా వర్జ్యం వెళ్లలేదే!" అని కేకేశాడు. ఆవిడ తిరిగి చూడలేదు. అతను వెంటపడ్డాడు. మలుపు దగ్గర ఆగింది, వెనక్కి తిరక్కుండానే. దగ్గరయ్యేసరికి మళ్లీ కదిలింది. ప్రతి మలుపులోనూ ఇంతే. దారంతా ఎండుటాకులు. అతను అడుగేసినప్పుడల్లా గలగలమంటున్నాయి. ఆవిడ నడుస్తుంటే చప్పుడే లేదు. అది గమనించాక సర్వేశానికి ఒళ్లు జలదరించింది. అయినా ఆగలేదు, ఆగాలంటే ఇంకా భయమేసింది.

పైన చెట్లన్నీ నిప్పంటుకున్నట్టు ఎర్రగా ఉన్నాయి. మనిషి మాత్రం లేదు. గాలి లేదు. అయినా ఒక్క చెట్టు నుంచే ఆకులు రాలుతూ ఉన్నాయి.

పడుతూ లేస్తూ దిగొచ్చాడు. వాళ్ల గది ముందు జనం మూగి ఉన్నారు. లోపల చాపమీద భ్రమరాంబ, ఒళ్లంతా చల్లబడిపోయి. పొద్దున అతను గది దాటకముందే ప్రాణం పోయుంటుందన్నారు. సర్వేశం అక్కడే ఉన్న స్వామి కాళ్ల దగ్గర కూలబడి, ఏడుస్తూ, జరిగిందంతా చెప్పాడు.

"ఎంత పరిగెత్తినా అందలేదు స్వామీ!"

స్వామి ఆవిడ మొహంకేసి చూశారు.

"ప్రతి మలుపులోనూ ఆగిందా?"

"ఆగింది."

"పోతూ పోతూ కూడా నీకోసం ఆగిందన్నమాట," అన్నారు.