కథ చివర పేరు

పూర్వం ఒక రాజ్యంలో, కథ చెప్పినవాళ్లు అది ఎవరి దగ్గర విన్నారో చివర్లో చెప్పడం మర్యాద. చాపలల్లే ఓబుళమ్మ ఆ మర్యాద మీదే ఆశ పెట్టుకుంది. కరువులో పిల్లల్ని దూరపు రేవులో చెల్లెలి దగ్గర వదిలింది. కథతో పాటు తన పేరు అక్కడికి చేరితే, అమ్మ బతికే ఉందని వాళ్లకు తెలుస్తుంది. కానీ ఆస్థాన కథకుడు విరూపాక్షుడు ఆమె దగ్గర విన్న కథలన్నీ తనవని చెప్పుకునేవాడు.

ఈసారి ఆమె అతనికి, మీసానికి రంగేసుకునే ఒక రాజు కథ చెప్పింది. తమ రాజుకు ఆ అలవాటుందని అంతఃపురానికి చాపలిచ్చే ఆమెకు తెలుసు, అతనికి తెలియదు.

విరూపాక్షుడు దాన్ని సభలో చెప్పగానే రాజు మండిపడ్డాడు. "ఎవరిదిరా ఈ కథ?"

"నాది కాదు ప్రభూ, ఓబుళమ్మది!"

భటులు ఆమెను తెచ్చారు. ఆమె తల దించలేదు.

"మీరు కానుకలిచ్చిన కథలన్నీ ఆయనవైతే ఇదీ ఆయనదే ప్రభూ. ఇది నాదైతే అవీ నావే. ఏదో ఆయన్నే తేల్చమనండి."

"అన్నీ ఆమెవే," అన్నాడు విరూపాక్షుడు నీరుగారిపోయి.

ఇన్నాళ్లూ తను మెచ్చిన కథలు ఆమెవని తెలిసి రాజు కోపం తగ్గింది. "నీకేం కావాలమ్మా?"

"చివర్లో నా పేరు చెప్పించండి, చాలు."

వానలు వెలిశాక రేవు నుంచి వచ్చిన ఉప్పు బండివాడు చెప్పాడు: అక్కడ ఎవరో చెప్పిన కథ ముగిసి ఆమె పేరు వినబడగానే, జనంలోంచి ఇద్దరు పిల్లలు "మా అమ్మ!" అంటూ లేచి నిలబడ్డారట.