చెస్ట్‌నట్ బెరడు మీద నారింజ చుక్కలు

ఒకప్పుడు చెస్ట్‌నట్ చెట్లకు పట్టే బూజు ఎవరి కంటికీ కనిపించేది కాదు. బెరడు కింద దూరి, హాయిగా కొమ్మను తినేసి, మూతి తుడుచుకుని కూర్చునేది. అంత మర్యాద దానిది!

చలికొండల్లో ఒక చెస్ట్‌నట్ చెట్టు ఉండేది. దాని కాయలకు ఒళ్లంతా ముళ్లు, లోపలి గింజలు మాత్రం తియ్యన. ఆ చెట్టు తొర్రలో ఉడుతమ్మ నాలుగు పసికూనలతో కాపురముండేది. ఆ ఏడు ఉన్నట్టుండి చెట్టు కొమ్మలు ఒక్కొక్కటే ఎండిపోసాగాయి. ఒక కొమ్మ బెరడు మీద పుండు కూడా పడింది.

అడవికి పెద్ద అయిన ఎలుగుబంటి మేధావుల్ని పిలిపించింది. కోతి చెట్టు ఎక్కకుండానే "దిష్టి తగిలింది" అంది. గుడ్లగూబ కళ్లు తెరవకుండానే "నీళ్లు ఎక్కువయ్యాయి" అంది. నక్క ఉడుతమ్మ పెట్టిన గింజలన్నీ నమిలేసి, "లాభం లేదు, కూల్చేయండి" అంది. పుండు దగ్గరికెళ్లి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. మేధావులకు చూడాల్సిన పనేముంది!

"రేపు పొద్దున్నే కూల్చేద్దాం. రోగం పక్క చెట్లకు పాకితే అందరూ నన్నే అంటారు" అంది ఎలుగుబంటి.

ఉడుతమ్మ పరుగున కిందికి దిగింది. "మామా, నా పిల్లలు ఇంకా కళ్లయినా తెరవలేదు. వాళ్లను పట్టుకుని ఎక్కడికి పోను?" అని ఏడ్చింది.

అది విని వడ్రంగి పిట్ట వచ్చి పుండు మీద టక్ టక్ మని కొట్టింది. లోపల నములుతున్న చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

"మామా, దొంగ లోపలే ఉంది. పచ్చని కొమ్మల్లో కూడా దాక్కుని ఉండొచ్చు. ఏయే కొమ్మల్లో ఉందో తెలిస్తే అవి తీసేస్తే చాలు. నువ్వు ఒక సన్మానం పెట్టించు."

"ఎవరికి?"

"చీమకు. ఇంత పెద్ద చెట్టు ఎండిపోయేలా చేసినందుకు."

ఎలుగుబంటికి ఏమీ అర్థం కాలేదు. కానీ సన్మానమంటే అధ్యక్షత తనదే కదా! వెంటనే ఒప్పుకుంది.

చెట్టు కిందే సభ పెట్టారు. ఆకులతో శాలువా కుట్టించారు. కోతి దిష్టి మాట మరిచిపోయి, "ఒంటిచేత్తో ఇంతటి ఘనకార్యం చేసిన చీమగారి ప్రతిభ..." అంటూ గంటసేపు పొగిడింది. చీమ ఏ పాపమూ ఎరగదు. అయినా శాలువా కప్పుతామంటే ఎవరు వద్దంటారు? వినయంగా తల వంచింది.

బెరడు కింద బూజుకు ఒళ్లు మండిపోయింది. ఏడాదంతా కష్టపడింది తను, శాలువా చీమకా?

"ఆగండి! ఆ పని నాది! ఈ కొమ్మా నేనే తిన్నాను, ఆ కొమ్మా నేనే తింటున్నాను!" అని అరుస్తూ, ఉన్న ప్రతిచోటా బెరడు చీల్చుకుని నారింజ రంగు చుక్కలుగా తన్నుకొచ్చింది.

"తమరేనా? చాలా సంతోషం!" అంది వడ్రంగి పిట్ట. చుక్కలున్న కొమ్మలన్నీ చూపించింది. ఎలుగుబంటి వాటిని విరిచి దూరంగా పాతిపెట్టింది. తొర్ర ఉన్న మాను నిలిచింది. పసికూనలు కళ్లు తెరిచేసరికి దానికి కొత్త చిగుళ్లు వచ్చాయి. శాలువా మాత్రం చీమ తిరిగి ఇవ్వలేదు.

అప్పటినుంచే ఆ బూజు చెస్ట్‌నట్ కొమ్మను ఎంత గుట్టుగా తిన్నా, చివరికి బెరడు మీద నారింజ చుక్కలై పైకి వచ్చి "నేనే, నేనే" అంటుంది.