మరుపు ముద్ర

ఒక ఊళ్లో పాతసామాన్లు అమ్మే ఆమె ఒకతి ఉండేది. ఆ ఊళ్లో ఒక రూలూ ఉండేది. పాత వస్తువు తన పాత మనిషిని పూర్తిగా మరిచిపోయాకే దాన్ని అమ్మాలి. మరుపు ముద్ర లేని వస్తువు ఒక్కటి దొరికినా లైసెన్సు రద్దు, కొట్టుకి తాళం. కొట్టు వెనక గదే ఆమె ఇల్లు. తాళం పడితే ఆమె వీధిన పడ్డట్టే.

మరిపించడంలో ఆమెని మించినవాళ్లు ఏడు సముద్రాల ఇవతలా లేరు, అవతలా లేరు. చింతపండు పెట్టి బిందె తోమిందంటే, పొద్దుటి సూర్యుడు అందులో మొహం చూసుకుని గానీ పైకి ఎక్కేవాడు కాదు. పాత పరుపులు విప్పి ఆమె ఎండేసిన దూదికోసం మబ్బులు దిగొచ్చి బేరమాడేవి. అన్నీ అయ్యాక వస్తువుని ఒళ్లో పెట్టుకుని, "నువ్వెవరి దానివీ కావమ్మా" అని జోకొట్టేది.

ముద్రల అధికారి వచ్చి ప్రతి వస్తువుకీ చెవి ఆనించేవాడు. ఏ పేరూ వినబడకపోతే ముద్ర కొట్టేవాడు.

ఒక్క నల్లగొడుగు మాత్రం లొంగలేదు. ఎంత ఉతికినా "చిట్టెయ్యా, చిట్టెయ్యా" అని తన పాత మనిషిని పిలుస్తూనే ఉంది. ఆమె దాన్ని బియ్యం డబ్బా వెనక దాచింది.

అంతలో వాన పట్టుకుంది. మామూలు వానా అది? చేపలు గడపలెక్కి, ఎవరింట్లో ఏం కూరో చూసి మరీ పోయాయి.

"ఏం వదినా, నీ దగ్గర కొన్న బిందెలో నీళ్లు నిలవడం లేదు. చూద్దామంటే చిల్లూ లేదు" అంటూ వచ్చింది పొరుగావిడ.

"నీ పరుపు మీద నిద్ర రావట్లేదమ్మా" అన్నాడు ఆవిడ మొగుడు. "ఈవిడ గురకలోనే నిద్రపోయేవాణ్ణి. నాకే రాలేదంటే చూసుకో."

ఆమె ముద్రపడ్డ గొడుగులన్నీ తీసి చూసింది. ఒక్కటీ విచ్చుకోలేదు. పాత చేతుల్ని మరిచినవి పనినీ మరిచిపోయాయి.

అప్పుడే అధికారి తనిఖీకి వచ్చాడు. చేతిలో తాళంకప్ప, ఒళ్లంతా వణుకు, ఒకటే దగ్గు.

"ముందో గొడుగియ్యమ్మా. ఈ దగ్గుతో పోయేలా ఉన్నాను."

"ముద్ర ఉన్నవేవీ తెరుచుకోవడం లేదు బాబూ."

"లేనిదేమన్నా ఉందా?"

ఆమె వెనక్కి తిరిగి తన గదిని ఓసారి చూసుకుంది. అతను మళ్లీ దగ్గాడు. ఆమె డబ్బా జరిపింది.

"ఉంది. తాళం తర్వాత వేద్దురుగాని, ముందు తడవకండి."

గొడుగు విచ్చుకుంది. ఎంతలా అంటే, సగం ఊరి వాన నడుమ్మీద చేతులు పెట్టుకుని ఆగిపోయింది.

"చిట్టెయ్యా" అంది గొడుగు.

"నా పేరది కాదు" అన్నాడు అధికారి విసుగ్గా. గాలికి రెండు చేతులూ కావాల్సొచ్చి, తాళంకప్ప అరుగుమీద పెట్టి వీధిలోకి దిగాడు.

ఆమె గడపలో నిలబడి చూస్తోంది. గొడుగు దారంతా పిలుస్తూనే ఉంది. ఆఫీసు మలుపు దగ్గర, అన్నం చల్లారిపోతోందన్నట్టు గొంతు తగ్గించి ఇంకోసారి పిలిచింది.

అధికారి ఆగాడు.

"ఆఁ, వస్తున్నా" అని, గొడుగు లాగిన వైపు, తను ఎన్నడూ అడుగుపెట్టని సందులోకి తిరిగాడు.